యాక్సిలరేటర్ తొక్కితే మోత: నా అనుభవం

మా పాత పెట్రోల్ కారు నెమ్మదిగా పోతే బాగానే ఉండేది. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే మాత్రం ట్రాక్టర్‌లా మోత. సైలెన్సర్ మొత్తం మార్చాలన్నాడు ఒక మెకానిక్. నాకెందుకో నమ్మబుద్ధి కాలేదు.

బండి ఆపి, న్యూట్రల్‌లో రేజ్ చేసి చూశాను. అదే మోత! అంటే టైర్లు, వీల్ బేరింగులు కాదు. వాటి చప్పుడు బండి కదిలితేనే వస్తుంది.

మర్నాడు పొద్దున, పొగ గొట్టంలో ఎక్కడైనా లీకుందేమో చూద్దామని, బండి చల్లగా ఉండగానే స్టార్ట్ చేసి, మందపాటి తడిగుడ్డతో సైలెన్సర్ మూతిని కాసేపు మూయమన్నాను మా తమ్ముణ్ణి. కింద ముందువైపు నుంచి బుస్సుమని గాలి తన్నింది. (ఇది ఆరుబయటే చేయాలి. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.) టార్చి వేస్తే దొరికింది: ఇంజన్ అదురు సైలెన్సర్‌కు తగలకుండా ఆపే ఫ్లెక్స్ పైపు. జల్లెడలాంటి తీగల అల్లిక విడిపోయి, చుట్టూ నల్లటి మసి. తొక్కినకొద్దీ పొగ ఒత్తిడి పెరిగి ఆ చీలికలోంచే తన్నుకొస్తోంది.

పైన పేస్టు పూస్తే చాలన్నారు కొందరు. కదిలే పైపు మీద అదెక్కడ నిలుస్తుంది? వెల్డింగ్ షాపులో ఆ ముక్క కోయించి, అదే సైజు కొత్తది వేయించాను. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీయించాను, ఈసీయూకి (ఇంజన్‌ను నియంత్రించే కంప్యూటర్‌కి) దెబ్బ తగలకుండా. మోతతోపాటు కారు లోపల అప్పుడప్పుడూ వచ్చే పొగ వాసన కూడా పోయింది.