ఈబీ గారమాండ్‌తో ఇంగ్లిష్ పుస్తకం పేజీలు కట్టడం ఎలా?

గారమాండ్ పేరుతో చాలా ఫాంట్లున్నాయి. ఉచితంగా దొరుకుతూ పుస్తకానికి నిజంగా పనికొచ్చేది ఈబీ గారమాండ్. 16వ శతాబ్దంలో క్లాడ్ గారమాండ్ చెక్కిన నిటారు అక్షరాలు, రాబర్ట్ గ్రాంజాన్ చెక్కిన ఇటాలిక్‌లు 1592 నాటి ఒక అచ్చు నమూనా పత్రంలో ఉన్నాయి. జార్జ్ డుఫ్నర్ దాన్ని ముందు పెట్టుకుని ఈ ఫాంటు గీశారు. కింద చెప్పే కొలతలు డెమ్మీ 1/8 సైజుకి (సుమారు 5.5 × 8.5 అంగుళాల పుస్తకం).

ముందు ఇన్‌స్టాల్. గూగుల్ ఫాంట్స్ నుంచి వచ్చే జిప్‌లో స్టాటిక్ అనే ఫోల్డర్ ఉంటుంది. 5 మందాలు, ఒక్కోదానికీ ఇటాలిక్, మొత్తం 10 ఫైళ్లు. అన్నీ వేసుకోండి. రెగ్యులర్ ఒక్కటే వేస్తే బోల్డ్ నొక్కగానే సాఫ్ట్‌వేర్ తనే అక్షరాన్ని లావు చేస్తుంది, చిన్న ‘ఇ’ (e) లోపలి ఖాళీ పూడుకుపోతుంది. ఇటాలిక్ అసలుదో నకిలీదో తేల్చుకోవడానికి చిన్న ‘ఏ’ (a) చూడండి. అసలు ఇటాలిక్‌లో పైకప్పు పోయి ఒంటి గుండ్రం అవుతుంది. నకిలీలో అదే నిటారు అక్షరం పక్కకి ఒరుగుతుంది, అంతే.

తర్వాత సైజు. ఈ ఫాంటులో చిన్న బడి అక్షరాలు పొట్టి. 11 పాయింట్లు పెట్టినా టైమ్స్ కంటే చిన్నగా కనిపిస్తుంది. 11 లేదా 11.5 పెట్టి లైన్ల దూరం 14 ఇవ్వండి, లైను వెడల్పు 4 అంగుళాలు. మధ్యలో తెలుగు మాటలొస్తే 14 చాలదు, ఒత్తులు కింది లైనుకి తగులుతాయి. 16 దాకా వెళ్లండి. ఈ ఫాంటులో తెలుగు లేదు కాబట్టి, వర్డ్‌లో కాంప్లెక్స్ స్క్రిప్ట్స్ దగ్గర తెలుగు ఫాంటుని విడిగా ఎంచుకోవాలి.

ఇక అంకెలు. వాక్యం మధ్యలో ఓల్డ్‌స్టైల్ అంకెలు వాడండి: 3, 4, 5, 7, 9 అక్షరాలు నిలబడే గీత కిందికి దిగుతాయి, 6, 8 పైకి లేస్తాయి, మిగతావి చిన్న అక్షరాల ఎత్తులోనే ఉంటాయి. 1947 అని రాస్తే చుట్టుపక్కల మాటల్లో కలిసిపోతుంది. పట్టికల్లో మాత్రం లైనింగ్ (అన్ని అంకెలూ ఒకే ఎత్తు), టాబ్యులర్ (అన్నీ ఒకే వెడల్పు) రెండూ పెట్టండి, లేకపోతే రూపాయలు, పైసలు నిలువుగా కుదరవు.

స్మాల్ క్యాప్స్, అంటే చిన్న బడి ఎత్తులో ఉండే పెద్ద బడి అక్షరాల దగ్గరే ఎక్కువమంది మోసపోతారు. వర్డ్‌లో ఆ పేరుతో ఉన్న ఆప్షన్ పెద్ద అక్షరాన్ని కుదిస్తుంది, గీత కూడా దాంతోపాటే సన్నబడి వెలిసిపోయినట్టుంటుంది. ఫాంటులో గీసి ఉన్నవి కావాలంటే లిబ్రేఆఫీస్‌లో ఫాంట్ పేరు దగ్గరున్న ఫీచర్స్ బటన్ నుంచి గానీ, ఇన్‌డిజైన్‌లో ఓపెన్‌టైప్ మెనూ నుంచి గానీ తీసుకోండి. అక్షరాల మధ్య కాస్త ఎడం ఇవ్వండి, ఇన్‌డిజైన్ ట్రాకింగ్‌లో 30 సరిపోతుంది.

లిగేచర్లు, అంటే రెండు అక్షరాలు కలిపి గీసిన జంటలు, వర్డ్‌లో ఆపేసి ఉండొచ్చు. ఫాంట్ డైలాగ్‌లోని అడ్వాన్స్‌డ్‌లో ‘స్టాండర్డ్’ ఎంచుకోండి. లేదంటే ‘ఎఫ్’ కొక్కెం పక్కనున్న ‘ఐ’ చుక్కకి తగులుతుంది.

చివరిగా ప్రింటు. ఫుట్‌నోట్లు 8.5 పాయింట్లలో పెడితే రెగ్యులర్ బదులు మీడియం వాడండి. మాప్లిథో కాగితం మీద రెగ్యులర్ సన్నగీతలు అక్కడక్కడ తెగుతాయి. ప్రెస్సులో ఒక్కో రంగు సిరాకి ఒక్కో ప్లేటు ఉంటుంది; పీడీఎఫ్‌లో పాఠం నల్ల సిరా ప్లేటు ఒక్కదానిలోనే ఉండాలి. వర్డ్ ఇచ్చే నలుపు ప్రెస్సులో నాలుగు రంగులుగా విడిపోవచ్చు, ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా అక్షరాల పాదాలన్నీ అలుక్కుపోతాయి. పంపేముందు అక్రోబాట్ ప్రోలో ‘అవుట్‌పుట్ ప్రివ్యూ’ తెరిచి మిగతా మూడు ప్లేట్లలో పాఠం లేదని చూసుకోండి.