కొత్త మందు ట్రయల్‌లో చేరమంటే సంతకానికి ముందు చూసుకోవాల్సినవి (బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు మనవాళ్ళ కోసం)

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఉన్న మన తెలుగోళ్ళకి ఇంట్లో ఎవరికైనా పెద్ద జబ్బు చేసిందంటే అయితే బరంపురం మెడికల్ కాలేజీ, లేదా భువనేశ్వర్, అక్కడా కాదంటే రైలెక్కి విశాఖ. ఇలాంటి పెద్దాసుపత్రుల్లో ఒక్కోసారి డాక్టరుగారే "కొత్త మందు మీద ట్రయల్ నడుస్తోంది, మీ అమ్మగారిని చేరుస్తారా" అని అడుగుతారు. అప్పుడు ఇంట్లో ఒకరేమో మనమీద ప్రయోగాలు చేస్తారంట వద్దు పద అంటారు, ఇంకొకరేమో అంత పెద్ద డాక్టరు చెప్పేక ఇంకేటి చూసేది సంతకం పెట్టేయ్ అంటారు. ఎలా అయినా కాగితం మాత్రం ఎవరూ చదవరు. చేరడం మంచిదా కాదా అన్నది జబ్బుని బట్టి, మనిషిని బట్టి ఉంటుంది, అది నేను చెప్పలేను, కానీ సంతకానికి ముందు ఏమేం అడగాలో మాత్రం చెప్తాను.

మొదట అడగాల్సింది ఇది ఏ ఫేజ్ అని. ఫేజ్ 1 అంటే కొద్దిమందికి ఇచ్చి మందు శరీరం తట్టుకుంటుందా, ఎంత డోసు వరకు ఇవ్వొచ్చు అని చూడ్డం. ఫేజ్ 2లో జబ్బున్నవాళ్ళకి ఇచ్చి పనిచేస్తోందా అని చూస్తారు. ఫేజ్ 3లో వందలు, వేలమందిలో ఇప్పుడున్న వైద్యంతో పోల్చి చూస్తారు, ఫేజ్ 4 అంటే మందు అమ్మకానికి వచ్చేసిన తర్వాత గమనించడం. ఫేజ్ 1కీ ఫేజ్ 3కీ రిస్కు ఒకటి కాదు కాబట్టి ఇది తెలియకుండా మిగతా మాటలు అనవసరం. రెండోది, కొత్త మందు మీకే వస్తుందని గ్యారంటీ లేదు, చాలా ట్రయల్స్‌లో లాటరీ తీసినట్టు కంప్యూటరే సగంమందిని కొత్త మందు వైపు, మిగతా సగాన్ని పాత మందు వైపు వేస్తుంది, ఎవరికి ఏది వెళ్ళిందో ఒక్కోసారి డాక్టరుకి కూడా తెలీదు. "మా అమ్మకి పాత మందు వస్తే అది ఇప్పుడు బయట ఇచ్చే మామూలు వైద్యమేనా, లేక మందేమీ లేని ఉత్తి మాత్రా" అని సూటిగా అడగండి, తప్పేం లేదు.

ఇప్పుడు అసలు విషయం, భాష. కన్సెంట్ ఫారం, అంటే ట్రయల్‌కి ఒప్పుకుంటున్నాం అని సంతకం పెట్టే కాగితం, మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి, ఇది రూలు. మన దగ్గర చిక్కు ఎక్కడొస్తుందంటే ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివింది ఒడియా. భువనేశ్వర్‌లో ఒడియా ఫారం ఇస్తారు, మామ్మకి ఒడియా మాట వచ్చు గానీ డాక్టరు మాట్లాడే పుస్తకం ఒడియా సగం అర్థం కాదు. విశాఖ వెళ్తే తెలుగు ఫారం ఇస్తారు, మనవడికి తెలుగు మాట వచ్చు గానీ అక్షరం రాదు, చదవలేక తల ఊపేస్తాడు. నా దృష్టిలో మన సరిహద్దువాళ్ళకి జరిగే పెద్ద నష్టం ఇక్కడే, ఎందుకంటే చూసేవాళ్ళకి అంతా సవ్యంగానే కనిపిస్తుంది. కాబట్టి సిగ్గు పడకుండా చెప్పండి, మేము తెలుగు వింటాం, చదివేది ఒడియా, అని. రెండు ఫారాలూ అడగండి, తెలుగుది మామ్మకి చదివి వినిపించమనండి, ఒడియాది మీరు చదువుకోండి. చదువు రానివాళ్ళ దగ్గర అయితే ఆసుపత్రికి, ట్రయల్‌కి సంబంధం లేని సాక్షి ఒకరు మొదట్నుంచి చివరిదాకా కూర్చుని విని సంతకం పెట్టాలి, వేలిముద్ర వేయించాక నర్సుని పిలిచి సంతకం పెట్టించడం కాదు. పూర్తిగా కొత్త మందు ట్రయల్ అయ్యి, చేరేవాళ్ళు పేదవాళ్ళలాగ ఒత్తిడికి లొంగిపోయే పరిస్థితిలో ఉంటే ఈ మాటలన్నీ వీడియో తియ్యాలి కూడా.

ఇంత పట్టుగా ఎందుకు చెప్తున్నానంటే, అప్పట్లో మల్కనగిరికి పక్కనే ఉన్న ఖమ్మం జిల్లాలో 2009లో ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార కాన్సర్ టీకా వేసే ప్రాజెక్టు నడిచింది, చాలామంది గిరిజన హాస్టలు పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టేశారు. 2010లో ఆపించారు, 2013లో పార్లమెంటు కమిటీ గట్టిగా తప్పుపట్టింది. పిల్లల మరణాలకి టీకా కారణం కాదనే విచారణలో తేలింది, ఆ టీకా మంచిదే, ఈరోజు ప్రపంచమంతా వేస్తున్నారు, తప్పంతా అడగాల్సినవాళ్ళని అడక్కపోవడంలో ఉంది.

ట్రయల్ నిజమైనదా కాదా అన్నది ఫోన్లోనే చూసుకోవచ్చు. మన దేశంలో 2009 జూన్ నుంచి మందుల ట్రయల్ ఏదైనా సీటీఆర్ఐ అనే ప్రభుత్వ రిజిస్ట్రీలో నమోదు కావాలి, సైటు సీటీఆర్ఐ డాట్ ఎన్ఐసీ డాట్ ఇన్, చూడ్డానికి డబ్బులేం అక్కర్లేదు. ప్రతి ట్రయల్‌కీ సీటీఆర్ఐ, ఆ తర్వాత సంవత్సరం, నెల, నంబరు, ఇలా ఒక గుర్తు ఉంటుంది, అది డాక్టరుని అడిగి అందులో కొట్టి చూడండి. ఎవరు డబ్బు పెడుతున్నారు, ఏ ఆసుపత్రుల్లో జరుగుతోంది, ఎథిక్స్ కమిటీ (చేరినవాళ్ళకి అన్యాయం జరక్కుండా చూసే కమిటీ) ఒప్పుకుందా, ఎవరిని చేర్చుకుంటారు ఎవరిని చేర్చుకోరు అన్నీ కనిపిస్తాయి. ఇంగ్లీషులో ఉంటుంది, కాలేజీ చదివే పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి. నంబరు చెప్పడానికి తటపటాయిస్తే అక్కడ సంతకం వద్దు.

ఫారంలో మీ వృత్తి, సంవత్సరానికి ఆదాయం, నామినీ పేరు అడుగుతారు. చాలామంది ఇది చూసి రేషన్ కార్డు పోతుందేమో అని భయపడతారు, దానికీ దీనికీ సంబంధం లేదు, ఏదైనా జరిగితే పరిహారం ఎవరికి ఇవ్వాలో తెలియడానికే నామినీ. 2019 రూల్స్ ప్రకారం ట్రయల్‌లో మనిషికి హాని జరిగితే వైద్యం ఉచితంగా చెయ్యాలి, ఆ హాని ట్రయల్ వల్లే అని తేలితే పరిహారం కూడా ఇవ్వాలి, మరణం అయితే 8 లక్షలని మూలంగా తీసుకుని వయసు, ముందున్న జబ్బు తీవ్రత బట్టి లెక్క కడతారు. కాబట్టి ఆ వైద్యానికి మీ ఆరోగ్య కార్డు వాడమంటే ఎందుకని అడగండి. ట్రయల్ మందుకి గానీ దానికోసం చేసే అదనపు పరీక్షలకి గానీ మిమ్మల్ని డబ్బు అడక్కూడదు. రైలు ఛార్జీలు, కూలి పోయిన రోజులకి ఇస్తారా లేదా అన్నది ముందే తేల్చుకోండి, నెలకి ఎన్నిసార్లు విశాఖ రావాలి, వరి కోతల టైములో కూడా రావాల్సిందేనా, తోడు మనిషికి కూడా ఇస్తారా, ఇవన్నీ కాగితం మీద ఉండాలి, నోటి మాట చాలదు.

ఇంకో రకం ట్రయల్స్ ఉంటాయి, మందు కాదు, జబ్బుని ముందే పట్టుకునే పరీక్షలు. ఇవి మన ఊళ్ళకి చాలా అవసరం. గంజాం, శ్రీకాకుళం తీరంలో ఆడవాళ్ళు అడ్డపొగ తాగుతారు, చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని, దానివల్ల అంగిట్లో కాన్సర్ వస్తుంది, ఇక గుడాకు, ఖైనీ సంగతి చెప్పక్కర్లేదు. కేరళలో 1996లో మొదలైన ట్రయల్‌లో శిక్షణ తీసుకున్న ఆరోగ్య కార్యకర్తలు ఊరికే నోరు తెరిపించి చూశారు అంతే, పొగాకు, సారా లాంటి తాగుడు అలవాటున్నవాళ్ళలో నోటి కాన్సర్ చావులు 34 శాతం తగ్గాయి. మహారాష్ట్ర ఉస్మానాబాద్‌లో ఒక్కసారి చేసిన హెచ్‌పీవీ పరీక్షతో (ఆ కాన్సర్ తెచ్చే వైరస్ ఉందా అని చూసేది) గర్భాశయ ముఖద్వార కాన్సర్ చావులు దాదాపు సగానికి తగ్గాయి. ఊళ్ళో మామూలు ఆడవాళ్ళు చేరబట్టే ఈ విషయాలు తెలిశాయి, అందుకే చేరొద్దని నేను ఎప్పుడూ అనను.

కానీ ఇక్కడ అడగాల్సిన ప్రశ్న వేరు. ఒంట్లో బాగున్న మనిషిని పరీక్ష చేస్తున్నారు, పాజిటివ్ వస్తే తర్వాత ఎవరు చూస్తారు, బయాప్సీ (చిన్న ముక్క తీసి చూసే పరీక్ష) ఎక్కడ, ఖర్చు ఎవరిది? దీనికి సరైన జవాబు లేకపోతే భయం తప్ప మిగిలేది లేదు. పరీక్ష తప్పుగా పాజిటివ్ చూపించొచ్చు, ఉన్న జబ్బుని వదిలెయ్యొచ్చు కూడా, అందుకని బాగుంది అని వచ్చినా నోట్లో పుండు మూడు వారాలకి మానకపోతే మళ్ళీ చూపించుకోండి. రాయగడ, కొరాపుట్ వైపు రక్తం తీసేవాళ్ళు వస్తే ఇది ప్రభుత్వ పరీక్షా పరిశోధనా అని అడగండి. సికిల్ సెల్ (తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్తం జబ్బు) మిషన్ 2023 జులైలో మొదలైంది, అందులో 40 ఏళ్ళ లోపు వాళ్ళకి చేసేది ప్రభుత్వ స్క్రీనింగే, ట్రయల్ కాదు. పరిశోధన అయితే ఆ రక్తం దాచి పెడతారా, వేరే పనికి వాడతారా అన్నది కూడా ఫారంలో చూడాలి.

చేరేముందు డాక్టరుకి అన్నీ చెప్పాలి, బీపీ, షుగర్ మాత్రలతో పాటు పసరు, నాటు మందు, పొడుం ఏది వాడుతున్నా. తిడతారని దాచేస్తే కొత్త మందుతో కలిసి ఏమవుతుందో ఎవరూ చెప్పలేరు. ఫారం ఇంటికి తెచ్చుకుని రెండు రోజులు ఆలోచించుకోవచ్చు, ఇవాళే పెట్టాలి అని తొందర పెడితే ఆగిపోండి. మధ్యలో మానేసే హక్కు మీకెప్పుడూ ఉంది, మానేస్తే మామూలు వైద్యం ఆపకూడదు, అయితే మందు ఉన్నట్టుండి ఆపకుండా డాక్టరుకి చెప్పి ఆపండి. సంతకం చేసిన ఫారం కాపీ ఒకటి మీకు ఇవ్వాలి, అందులో డాక్టరు నంబరు ఉంటుంది, ఎథిక్స్ కమిటీది లేకపోతే అడిగి రాయించుకోండి, రెండూ ఇంట్లో ఇద్దరి ఫోన్లలో సేవ్ చేసి పెట్టండి, రాత్రిపూట వాంతులో జ్వరమో వస్తే దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు ఆ కాగితం తీసుకెళ్ళి ఈ మనిషి ట్రయల్‌లో ఉన్నారు అని ముందే చెప్పండి.