ఎన్‌ఐహెచ్ నిధులతో పరిశోధన: ఆర్థిక ప్రయోజనాలను ఎలా వెల్లడించాలి?

అమెరికా ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐహెచ్ నిధులతో వైద్య పరిశోధన చేసేవారు తమకే కాక, జీవిత భాగస్వామికీ, తమపై ఆధారపడిన పిల్లలకూ ఉన్న ఆర్థిక ప్రయోజనాలను పనిచేసే విశ్వవిద్యాలయానికి లేదా ఆసుపత్రికి తెలియజేయాలి. ఈ బాధ్యత ప్రధాన పరిశోధకుడిదేనని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు. పరిశోధన రూపకల్పనలో గానీ, నిర్వహణలో గానీ, ఫలితాల నివేదనలో గానీ బాధ్యత వహించే వారందరికీ, హోదా ఏదైనా, ఇది వర్తిస్తుంది. 1995 నాటి నిబంధనలను 2011లో సవరించినప్పుడు ఎంత విలువ దాటితే వెల్లడించాలన్న పరిమితిని 10,000 డాలర్ల నుంచి 5,000కు తగ్గించారు.

నిధుల కోసం దరఖాస్తు పంపేనాటికే వెల్లడి పూర్తికావాలి కనుక, ముందుగా గడిచిన 12 నెలల ఆదాయపు కాగితాలు, షేర్ల వివరాలు దగ్గర పెట్టుకోండి. స్టాక్ మార్కెట్లో నమోదైన కంపెనీ అయితే, దాని నుంచి అందిన జీతం, కన్సల్టింగ్ ఫీజు వంటివాటిని ఇప్పుడున్న షేర్ల విలువతో కలిపి లెక్కించాలి. ఒక మందుల కంపెనీ మీకు సలహా రుసుముగా 3,000 డాలర్లు ఇచ్చిందనీ, అదే కంపెనీవి 2,500 డాలర్ల షేర్లు మీ భార్య పేరున ఉన్నాయనీ అనుకుందాం. విడివిడిగా చూస్తే రెండూ పరిమితికి లోపలే, కలిపితే 5,500. అవి మీ వృత్తి బాధ్యతలకు సంబంధించినవిగా కనిపిస్తే తప్పక రాయాలి. మార్కెట్లో నమోదు కాని కంపెనీలో వాటాకైతే కనీస పరిమితే లేదు. స్నేహితుడు హైదరాబాద్‌లో పెట్టిన బయోటెక్ స్టార్టప్‌లో మీకు కొద్దిపాటి వాటా ఉన్నా ఇదే నియమం.

మనవాళ్లు ఎక్కువగా తడబడేది స్వదేశ ప్రయాణాల దగ్గర. అమెరికా విశ్వవిద్యాలయం ఇచ్చే ఉపన్యాస రుసుముకూ, భరించే ప్రయాణ ఖర్చులకూ ఉన్న మినహాయింపు భారతీయ విశ్వవిద్యాలయానికి లేదు. అందుకే ఖర్చు ఎవరు భరించారో, ఎందుకు, ఎక్కడికి, ఎన్నాళ్లు వెళ్లారో అప్పటికప్పుడే రాసిపెట్టుకోవడం మేలు. కొత్త ప్రయోజనం ఏదైనా ఏర్పడితే 30 రోజుల్లో తెలపాలి.

ఒక ప్రయోజనం పరిశోధనకు సంబంధించినదా, దాన్ని ప్రభావితం చేయగలదా అన్నది తేల్చవలసింది మీరు కాదు, సంస్థ నియమించిన అధికారి. సందేహం ఉంటే రాసేయడమే సరైన పద్ధతి, ఎందుకంటే వెల్లడించడం తప్పు ఒప్పుకోవడం కాదు. అలా పరిశోధనను ప్రభావితం చేయగల విరుద్ధ ప్రయోజనం ఉందని తేలితే, షేర్లు తగ్గించుకోవడమో, స్వతంత్ర పర్యవేక్షకుణ్ని నియమించడమో, పరీక్షలో పాల్గొనే రోగులకు విషయం తెలపడమో ఒక ప్రణాళికగా రాస్తారు. నిధులు ఖర్చు మొదలుకాక ముందే సంస్థ ఎన్‌ఐహెచ్‌కు నివేదించాలి.

వీటిలో రోగులకు తెలపడాన్ని నేను అన్నిటికన్నా ముఖ్యమైనదిగా భావిస్తాను. 1999లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయపు జన్యుచికిత్స పరీక్షలో 18 ఏళ్ల జెస్సీ గెల్సింగర్ మరణించాడు. ఆ పరిశోధనకు నాయకత్వం వహించిన శాస్త్రవేత్తకూ, విశ్వవిద్యాలయానికీ ఒక జన్యుచికిత్స కంపెనీలో వాటాలుండటం ఆ తర్వాత పెద్ద చర్చకు దారితీసింది. తన శరీరాన్ని పరీక్షకు అప్పగించే మనిషికి, ఆ పరీక్ష విజయంతో ఎవరికి లాభమో ముందే తెలుసుకునే హక్కుంది.

మీరు వైద్యులైతే వెల్లడి ఫారం పంపేముందు అమెరికా ప్రభుత్వపు ఓపెన్ పేమెంట్స్ వెబ్‌సైట్‌లో మీ పేరు వెతకండి. మందుల, వైద్య పరికరాల కంపెనీలు వైద్యులకు చేసిన చెల్లింపుల వివరాలు 2014 నుంచి అక్కడ అందరికీ కనిపిస్తున్నాయి. అక్కడి అంకెకూ మీ లెక్కకూ తేడా ఉంటే, కారణం తెలుసుకుని, పొరపాటు ఎటువైపున్నా సరిచేయించాకే సంతకం చేయండి.