ఈ-ఇన్‌వాయిస్ నేర్చుకుందాం – 3వ పాఠం: రద్దుకు ఉన్న 24 గంటలు, ఆ తర్వాతి దారులు

ఈ-ఇన్‌వాయిస్ అంటే అమ్మకం వివరాలను ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయించి ఇచ్చే బిల్లు. ముందుగా గత పాఠం చివర ఇచ్చిన లెక్కకు జవాబు చూద్దాం. కింది మిల్లుకు ఈ-ఇన్‌వాయిస్ వర్తిస్తుందా అన్నది ఆ ప్రశ్న. మిర్యాలగూడలోని ఒక రైసు మిల్లు 2018-19లో 6 కోట్ల రూపాయల వ్యాపారం చేసింది, ఆ తర్వాత ఏ ఏడాదీ 4 కోట్లు దాటలేదు. ఇప్పుడు పన్ను పడే అమ్మకం 80 లక్షలే, మిగిలినదంతా పన్ను లేని 26 కిలోల బస్తాలు. అయినా ఈ మిల్లుకు ఈ-ఇన్‌వాయిస్ వర్తిస్తుంది. 2017-18 నుంచి ఏ ఒక్క ఏడాదిలో టర్నోవర్ 5 కోట్లు దాటినా చాలు. పైగా ఆ టర్నోవర్‌లో పన్ను లేని అమ్మకాలు కూడా కలుస్తాయి. అయితే 26 కిలోల బస్తాలకు బిల్ ఆఫ్ సప్లై (పన్ను లేని సరుకుకు ఇచ్చే బిల్లు) ఇస్తే సరిపోతుంది. జీఎస్‌టీ నమోదున్న వ్యాపారికి అమ్మే, లేబుల్ వేసిన 25 కిలోల సంచులకే ఈ-ఇన్‌వాయిస్ అవసరం.

ఇక నేటి విషయం. ఆ మిల్లు హైదరాబాద్ వ్యాపారికి 25 కిలోల సంచులు 400 పంపుతోంది. సంచి ధర 1,200 రూపాయలు, విలువ 4,80,000, పన్ను 5 శాతం చొప్పున 24,000, మొత్తం 5,04,000. సరుకు మిల్లు గేటు దాటే లోపే ఇన్‌వాయిస్ తయారై ఉండాలన్నది చట్టం చెప్పే మాట కనుక, లారీ కదలకముందే వివరాలు పోర్టల్‌కు చేరి, 64 అక్షరాల ఐఆర్‌ఎన్ (ఇన్‌వాయిస్ రిఫరెన్స్ నంబరు), క్యూఆర్ కోడ్ తిరిగి రావాలి. అవి లేని కాగితాన్ని జీఎస్‌టీ నియమాల్లో 48వ నియమంలోని 5వ ఉపనియమం అసలు ఇన్‌వాయిస్‌గానే గుర్తించదు. అప్పుడు జరిమానా భయం మిల్లుకు, క్రెడిట్ (కొనుగోలుపై కట్టిన పన్నును తమ పన్నులో తగ్గించుకోవడం) చిక్కు కొన్నవారికి.

పోర్టల్ ఏం చూస్తుందో, ఏం చూడదో ఇక్కడ స్పష్టంగా తెలుసుకోవాలి. జీఎస్‌టీఐఎన్ (జీఎస్‌టీ నమోదు నంబరు) చెల్లుతున్నదా, పన్ను లెక్క కుదిరిందా, అదే నంబరు ఇంతకుముందు వచ్చిందా అన్నవి అది చూస్తుంది. సంచి ధర 1,200కు బదులు 1,250 అని కొట్టినా, లెక్క లోపల్లోపల సరిపోతే, మారు మాట లేకుండా ఐఆర్‌ఎన్ ఇచ్చేస్తుంది. ఒప్పుకున్న ధర ఎంతో దానికి తెలియదు కదా. అందుకే బిల్లు కొట్టిన గుమాస్తా కాక మరొకరు కొనుగోలుదారు నంబరు, ధర, సంచుల లెక్క, సరుకు రకాన్ని తెలిపే ఆరంకెల హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ ఒకసారి పైకి చదివాకే పంపాలని గట్టిగా చెబుతాను.

అయినా తప్పు పడిందనుకుందాం. ఐఆర్‌ఎన్ వచ్చిన సమయం నుంచి 24 గంటల్లోపు దాన్ని పోర్టల్‌లో రద్దు చేయవచ్చు. ఈ గడువు అర్ధరాత్రితో కాక గడియారంతో నడుస్తుంది: శనివారం సాయంత్రం 6.10కి వచ్చిన ఐఆర్‌ఎన్‌కు ఆదివారం సాయంత్రం 6.10 వరకే అవకాశం. గుమాస్తా ఆదివారం సెలవు తీసుకునే మిల్లులో తప్పు సోమవారం బయటపడితే దారి మూసుకుపోయినట్టే. రద్దు చేస్తే ఇన్‌వాయిస్ మొత్తం రద్దవుతుంది, ఒక్క వరుసను తీసేయడం కుదరదు. సరఫరాదారు జీఎస్‌టీఐఎన్, ఆర్థిక సంవత్సరం, పత్రం రకం, పత్రం నంబరు కలిపి ఐఆర్‌ఎన్ పుడుతుంది కనుక, 147వ నంబరు రద్దయితే అదే నంబరుతో మళ్లీ ఐఆర్‌ఎన్ రాదు. కొత్త బిల్లు 148తో వేసి, 147ను జీఎస్‌టీఆర్-1లో (అమ్మకాల వివరాలిచ్చే రిటర్నులో) రద్దయిన పత్రాల లెక్కలో చూపాలి.

చాలామంది తడబడేది ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే పత్రం) దగ్గర. అది చెలామణిలో ఉండగా ఐఆర్‌ఎన్ రద్దు కాదు. ముందు ఈ-వే బిల్లును రద్దు చేయాలి. దానికీ 24 గంటలే గడువు. ఈలోగా నార్కెట్‌పల్లి దగ్గరో మరెక్కడో అధికారి లారీని ఆపి ఆ బిల్లును తనిఖీ చేసి నమోదు చేస్తే, గడువు మిగిలి ఉన్నా ఇక రద్దు కుదరదు.

అప్పుడేం చేయాలి? ధర ఎక్కువ పడితే బిల్లు మొత్తాన్ని తగ్గించే క్రెడిట్ నోట్, తక్కువ పడితే దాన్ని పెంచే డెబిట్ నోట్. మన ఉదాహరణలో సంచికి 50 చొప్పున 20,000, దానిపై పన్ను 1,000, కలిపి 21,000 రూపాయలకు క్రెడిట్ నోట్ ఇవ్వాలి. దానికీ ఐఆర్‌ఎన్ తీసుకోవాలి. కొనుగోలుదారు తన క్రెడిట్‌ను ఆ మేరకు తగ్గించుకోవాలి. కొనుగోలుదారు జీఎస్‌టీఐఎన్ తప్పుపడితే మాత్రం జీఎస్‌టీఆర్-1లోనే సవరించాలి. ధర తేడాను కూడా అక్కడే దిద్దేసే అలవాటు కొందరికుంది. నాకది నచ్చదు, ఎందుకంటే కొన్నవారి చేతిలో పాత అంకెలున్న కాగితమే మిగిలిపోతుంది.

టర్నోవర్ 10 కోట్లు, అంతకు మించి ఉన్నవారు మరొకటి గుర్తుంచుకోవాలి. 2025 ఏప్రిల్ 1 నుంచి, తేదీ పడిన 30 రోజులు దాటిన పత్రాన్ని పోర్టల్ తీసుకోదు. క్రెడిట్, డెబిట్ నోట్లకూ ఇదే గడువు.

అభ్యాసం: మహబూబ్‌నగర్‌లోని ఒక పల్లీ నూనె మిల్లు రాయచూరు వ్యాపారికి 200 డబ్బాలు పంపింది. మంగళవారం సాయంత్రం 4 గంటలకు ఐఆర్‌ఎన్, 4.15కి ఈ-వే బిల్లు వచ్చాయి. రాత్రి 8 గంటలకు దారిలో అధికారి ఈ-వే బిల్లును తనిఖీ చేసి నమోదు చేశారు. డబ్బాకు 40 రూపాయలు తక్కువ వేసినట్టు రాత్రి 10 గంటలకు తేలింది. ఏ పత్రం ఇవ్వాలి, ఎంత మొత్తానికి, అందులో పడేది ఏ పన్ను? నూనెపై పన్ను 5 శాతంగా తీసుకుని లెక్క రాయండి.