గిల్ట్ ఫండ్ కొనేముందు రిస్క్ లెక్క వేసుకోవడం ఎలా?

"గవర్నమెంటు బాండ్లండీ, డబ్బు ఎక్కడికి పోతుంది?" అని గిల్ట్ ఫండ్ (మన డబ్బుతో ప్రభుత్వ బాండ్లు కొనే మ్యూచువల్ ఫండ్) గురించి ఎవరైనా అంటే వెంటనే తల ఊపేయకండి. గవర్నమెంటు పూచీ వడ్డీకీ, గడువు తీరాక అసలుకీ మాత్రమే. ఈలోపు ఆ బాండు మార్కెట్లో ఎంత పలుకుతుందో ఎవరూ హామీ ఇవ్వరు. 2020లో ఆస్ట్రియా ప్రభుత్వం 0.85 శాతం వడ్డీకి వందేళ్ల బాండు (అవును, 2120 దాకా!) అమ్మితే పెద్ద పెద్ద ఫండ్లే పోటీపడి కొన్నాయి. 2022లో వడ్డీ రేట్లు పెరిగి, కొత్త బాండ్లు ఎక్కువ వడ్డీ ఇస్తుండేసరికి దానికి సగం ధర కూడా రాలేదు. ఆస్ట్రియా ఒక్క వాయిదా వడ్డీ కూడా ఎగ్గొట్టలేదు మరి.

1. ముందు గత ఏడాది రాబడి చూడటం మానేయండి. వడ్డీ రేట్లు తగ్గితే పాత బాండ్ల ధరలు పెరుగుతాయి, ఆ పెరుగుదలే రాబడిగా కనిపిస్తుంది, సరిగ్గా అప్పుడే ఫండ్లు అమ్మేవాళ్ల నుంచి మనకు ఫోన్లు మొదలవుతాయి. రిజర్వ్ బ్యాంక్ రెపో రేటును (బ్యాంకులకు తానిచ్చే అప్పుపై వడ్డీని) 4 శాతానికి దించిన 2020లో గిల్ట్ ఫండ్లు బాగా వెలిగాయి. అది చూసి చేరినవాళ్లకు తర్వాతి రెండేళ్లలో చాలా ఫండ్లలో బ్యాంకు ఎఫ్‌డీ అంత కూడా రాలేదు. గతం బదులు ఈల్డ్ టు మెచ్యూరిటీ (ఇవాళ్టి ధరకు కొని గడువు దాకా ఉంచితే బాండ్లు ఏడాదికి ఇచ్చే రాబడి) చూసి, అందులోంచి ఫండ్ ఖర్చులు తీసేసి, మిగిలిన దాన్ని ఎఫ్‌డీతో పోల్చుకోండి.

2. ఫండ్ వెబ్‌సైట్‌లో నెలనెలా పెట్టే ఫ్యాక్ట్‌షీట్ తెరిచి మోడిఫైడ్ డ్యురేషన్ (రేట్లు మారితే ఫండ్ విలువ ఎంత ఊగుతుందో చెప్పే అంకె) ఎంతో వెతకండి. నన్నడిగితే ఈ ఒక్క అంకె చూడకుండా డెట్ ఫండ్‌లో (గిల్ట్ లాగా బాండ్లు కొనే ఏ ఫండ్‌లోనైనా) రూపాయి కూడా పెట్టకూడదు. అది 7 అయితే, మార్కెట్ ఈల్డ్ 1 శాతం పెరిగినప్పుడు మీ యూనిట్ విలువ దాదాపు 7 శాతం పడుతుంది. ఉదాహరణకి 6 శాతం వడ్డీ ఇచ్చే లక్ష రూపాయల బాండు తీసుకోండి, ఈల్డ్ 7కి చేరితే రెండేళ్ల బాండు సుమారు 98,200 దగ్గర ఆగుతుంది, పదేళ్లదైతే 93,000, ముప్ఫై ఏళ్లదైతే 87,600.

3. డబ్బు ఎప్పుడు కావాలో రాసుకోండి. మూడేళ్లలో అమ్మాయి కాలేజీ ఫీజు కట్టాలంటే డ్యురేషన్ కూడా మూడు లోపే ఉండాలి. తేదీ ఖచ్చితంగా తెలిస్తే ఆ ఏడాదే ముగిసే టార్గెట్ మెచ్యూరిటీ ఫండ్ (ముందే చెప్పిన ఏడాదిలో గడువు తీరే బాండ్లు కొనే ఫండ్) నయం. లేదంటే రిజర్వ్ బ్యాంక్ నడిపే రిటైల్ డైరెక్ట్ వెబ్‌సైట్‌లో నేరుగా బాండే కొనుక్కోవచ్చు, పదివేలుంటే చాలు. గడువు దాకా కదపకపోతే మధ్యలో ధర ఎంత ఊగినా మీకు టెన్షన్ లేదు.

4. కంపెనీ బాండ్ల ఫండ్ అయితే రేటింగులు (ఆ కంపెనీ అప్పు తీర్చగలదా అని ఇచ్చే మార్కులు) కూడా చూడాలి. 2020 ఏప్రిల్‌లో ఫ్రాంక్లిన్ టెంపుల్టన్ ఆరు డెట్ స్కీములను ఒకేసారి మూసేసింది. అక్కడ సమస్య రేట్లది కాదు, తక్కువ రేటింగ్ బాండ్లను కొనేవాళ్లు కరవవ్వడం.

ఇప్పటికే కొనేసి నష్టంలో ఉన్నవాళ్లు కంగారుగా అమ్మేయకండి. డబ్బు అవసరం డ్యురేషన్ కన్నా దూరంగా ఉంటే, పెరిగిన వడ్డీకే కొత్త బాండ్లు చేరుతూ ఆ నష్టం చాలావరకు పూడుతుంది. అవసరం దగ్గర్లోనే ఉంటే మాత్రం, ఎంత తగ్గినా సరే, ఆ మేరకు తీసి లిక్విడ్ ఫండ్‌లోకి (కొద్ది వారాల్లోనే గడువు తీరే అప్పుల్లో డబ్బు పెట్టే ఫండ్) మార్చేయండి.