పాత క్యాలెండర్ వెనక పిల్లల మాటలే పాఠం

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం వైపు మన ఇళ్లలో చాలామంది పిల్లలకు బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు. మాటలు గలగలా వస్తాయి, తెలుగు వాచకం తీస్తే మాత్రం కూడబలుక్కోవడమే. కొత్త పుస్తకాలు కొనే ముందు ఇది చేసి చూడండి.

రాత్రి అన్నాలయ్యాక ఆ రోజు ఏం జరిగిందో పిల్లాణ్ణి చెప్పమనండి. అందులోంచి నాలుగైదు చిన్న వాక్యాలు, ఒక్కోటి మూడు నాలుగు మాటలకు మించకుండా, పాత క్యాలెండర్ కాగితం వెనక స్కెచ్ పెన్నుతో పెద్దగా రాయండి. వాడు అన్న మాటే రాయాలి, మనం గ్రాంథికంలోకి దిద్దకూడదు. మాట కింద వేలు పెట్టి ముందు మీరు చదవండి, తర్వాత వాడు. మర్నాడు వాక్యాలను ముక్కలుగా కత్తిరించి కలిపేసి మళ్లీ వరసగా పేర్చమనండి. అసలు చదువు ఇక్కడే. మొత్తం పది నిమిషాలు చాలు, బడి హోంవర్క్‌కి అడ్డం రాదు.

ఒడియాలో ఏత్వం గుర్తు అక్షరానికి ఎడమ పక్కన వస్తుంది, మనకేమో పైన. పైగా ఎ, ఏ తేడా అక్కడ లేదు. ఆ రెండు చోట్లా తడబడితే కసరకండి, ఆ గుర్తుకు వేరే రంగు వేయండి.

వాడు చెప్పిన మాటలే కాబట్టి చూడకుండానే అప్పజెప్పేస్తాడు. అనుమానం వస్తే చివరి మాట నుంచి వెనక్కి చదివించండి. అక్షరాలే ఇంకా రాని పిల్లలకు ఇది పనిచేయదు, ముందు గుణింతం కొంత రావాలి.