పీజీ వెబ్ ఆప్షన్లు పెట్టేముందు: మీ కోర్సు రెండేళ్లూ నడుస్తుందా?

పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ ఫలితాలు రాగానే నల్లగొండలోనైనా పాలమూరులోనైనా పిల్లలంతా వేసుకునే లెక్క ఒకటే: నా ర్యాంకుకు ఏ క్యాంపస్‌లో సీటొస్తుంది? ఆ లెక్క అవసరమే. దాంతోపాటు చూసుకోవాల్సింది ఇంకొకటుంది, దాన్ని చాలామంది మరిచిపోతారు. ఆ కోర్సు రెండేళ్లూ అదే ఊళ్లో, చెప్పే సార్లతో సహా నడుస్తుందా? వెబ్ ఆప్షన్లకు ఇచ్చే గడువు కొద్దిరోజులే. ఆ హడావుడిలో ఇదంతా తేల్చుకోలేరు. పరీక్ష రాసి ఫలితాల కోసం ఎదురుచూసే వారాల్లోనే ఈ పని మొదలుపెట్టండి.

మన వైపు ఈ జాగ్రత్త మరీ అవసరం. నల్లగొండలో మహాత్మాగాంధీ యూనివర్సిటీ 2007లో, మహబూబ్‌నగర్‌లో పాలమూరు యూనివర్సిటీ 2008లో వచ్చాయి. అంతకుముందు రెండుచోట్లా ఉస్మానియా పీజీ సెంటర్లే దిక్కు. ఉస్మానియాకు ఉన్నన్ని రెగ్యులర్ పోస్టులు వీటికి ఎప్పుడూ లేవు. ఉన్నవాటి భర్తీ కూడా ఏళ్లతరబడి ఆగిపోవడంతో చాలా విభాగాలను కాంట్రాక్టు, పార్ట్‌టైమ్ అధ్యాపకులే మోస్తున్నారు. అడ్మిషన్లు పడిపోయిన ఏడాది ముందుగా ఇబ్బందిలో పడేవి ఇలాంటి విభాగాలే.

కోర్సు ఎలా ఆగిపోతుంది?

ఫలానా కోర్సు మూసేస్తున్నామని ఎవరూ ముందుగా చాటింపు వేయరు. ఒక ఏడాది సీట్లు తగ్గుతాయి. మరుసటి ఏడాది ఆప్షన్ల జాబితాలో ఆ కోర్సు కనిపించదు, అడిగితే "ఈ ఒక్క సంవత్సరానికి ఆపినం" అంటారు. లేదా జిల్లా పీజీ సెంటర్‌లో ఉన్నదాన్ని మెయిన్ క్యాంపస్‌లో కలిపేస్తారు. దగ్గరి సబ్జెక్టులు రెండింటిని కలిపి ఒక్కటి చేస్తారు. రెగ్యులర్ కోర్సును సెల్ఫ్ ఫైనాన్స్‌లోకి మార్చి ఫీజు పెంచుతారు. కాగితం మీద వీటిలో ఏదీ మూసివేత కాదు. చదువుకునే పిల్ల వైపు నుంచి చూస్తే మాత్రం ప్రతిదానికీ మూసివేతంత బరువుంటుంది.

ఏది ఆపాలో తేల్చేటప్పుడు బల్ల మీదికి ముందుగా వచ్చేది ఒక పట్టిక. మంజూరైన సీట్లెన్ని, కౌన్సెలింగ్‌లో అలాట్ అయినవెన్ని, ఫీజు కట్టి చేరినవాళ్లెందరు, చివరి సెమిస్టర్ పరీక్ష ఫీజు కట్టినవాళ్లెందరు. ఉదాహరణకు 40 సీట్లున్న ఒక ఎంఏలో 22 అలాట్ అయి, 13 మంది చేరి, రెండో ఏడాదికి ఎనిమిది మంది మిగిలారనుకోండి. బయటివాళ్లకు 22 కనిపిస్తుంది. నిర్ణయం తీసుకునేవాళ్లు చూసేది ఆ ఎనిమిదిని.

దాని పక్కన వర్క్‌లోడ్, అంటే వారానికి చెప్పాల్సిన పాఠాల గంటలు, పెట్టి చూస్తారు. సెమిస్టర్‌కు నాలుగు పేపర్లు, ఒక్కో పేపర్‌కు వారానికి నాలుగు గంటలు అనుకుందాం. ఒకటో, మూడో సెమిస్టర్లు ఒకేసారి నడుస్తాయి కాబట్టి మొత్తం 32 గంటలు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ వారానికి 16 గంటలు పాఠం చెప్పాలి. అంటే కనీసం ఇద్దరు కావాలి. క్లాసులో 40 మంది కూర్చున్నా, ఎనిమిది మందే కూర్చున్నా ఆ ఇద్దరూ కావాల్సిందే. ఫీజుల రాబడి మాత్రం ఐదో వంతుకు పడిపోతుంది. ఆ ఇద్దరూ రెగ్యులర్ అయితే యూనివర్సిటీ తొందరపడదు, ఎందుకంటే కోర్సు ఆపినా జీతం తప్పదు. పార్ట్‌టైమ్ వాళ్లయితే కోర్సు ఆపిన నెల నుంచే ఖర్చు మిగులుతుంది. అందుకే అడ్మిషన్లు సమానంగా తగ్గిన రెండు కోర్సుల్లో ఒకటి బతుకుతుంది, ఇంకొకటి పోతుంది. సబ్జెక్టు విలువ అక్కడ కొలతకే రాదు.

ల్యాబ్ ఉన్న కోర్సులకు కెమికల్స్, పరికరాలు, అటెండర్ల ఖర్చు అదనం. అయినా కెమిస్ట్రీకి మన దగ్గర డిమాండ్ తగ్గదు. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్ ఉంది, అటు చౌటుప్పల్, చిట్యాల వైపు ఫార్మా కంపెనీలున్నాయి. ఎమ్మెస్సీ చేసిన పిల్లలకు క్యూసీలోనో (నాణ్యత పరీక్షించే విభాగం) ప్రొడక్షన్‌లోనో పని దొరుకుతుందన్న నమ్మకం ఇంట్లోవాళ్లకుంది. అలాంటి ఆసరా కనబడని ఎంఏ తెలుగు, హిస్టరీ, పొలిటికల్ సైన్స్ వంటివే జాబితాలో ముందుకొస్తాయి.

ఇక్కడ నా అభిప్రాయం దాచుకోను. తలలు లెక్కపెట్టి ఇలాంటి కోర్సులు ఆపడం అన్యాయం. నాలుగైదు జిల్లాలకు కలిపి ఒక్కచోటే ఉన్న ఎంఏను ఆపేస్తే, హైదరాబాద్‌లో రూము కిరాయి కట్టలేని పిల్లలకు ఆ చదువు అక్కడితో సరి. జూనియర్ లెక్చరర్ పోస్టుకు ఆ సబ్జెక్టులో పీజీ ఉండితీరాలి. 2022 డిసెంబర్‌లో 1,392 జేఎల్ పోస్టులకు నోటిఫికేషన్ వచ్చినప్పుడు మన పల్లెల నుంచి దరఖాస్తు చేసుకున్నవాళ్లలో ఈ చిన్న క్లాసుల్లో చదివినవాళ్లున్నారు. ఏ డిగ్రీ చేసినవారైనా కొన్ని ఎంఏలకు అర్హులేనని సీపీగెట్‌లో సడలింపు తెచ్చారు. క్లాసు నింపడానికి అలాంటి దారులు ఇంకా వెతకాలి. ఆపడం అన్నిటికన్నా చివరి మాట కావాలి.

ఆప్షన్ పెట్టేముందు ఏం కనుక్కోవాలి?

వెబ్‌సైట్ చూసి ఊరుకోకండి. ఒక పనిదినం చూసుకుని క్యాంపస్‌కు వెళ్లండి. నల్లగొండ క్యాంపస్ ఉన్న అన్నెపర్తి అయినా, పాలమూరు క్యాంపస్ ఉన్న బండమీదిపల్లి అయినా బస్సు దిగి విభాగం దాకా నడిస్తే సగం సంగతి మీకే అర్థమవుతుంది. స్టాఫ్ రూమ్ ముందు టైమ్‌టేబుల్ అంటించి ఉంటుంది. దాని ముందు కాసేపు నిలబడి చదవండి. పేపర్ పేరు ఎదురుగా పొడి అక్షరాల్లో సార్ పేరుంటుంది. ఒకే పేరు రోజుకు మూడు నాలుగు గళ్లలో కనిపిస్తే ఆ విభాగంలో మనుషులు చాలడం లేదని అర్థం. గడి ఖాళీగా ఉంటే ఆ పేపర్‌కు ఇంకా ఎవరూ దొరకలేదన్నమాట. రెండో సంవత్సరం క్లాసులో కూర్చున్నవాళ్లను లెక్కపెట్టండి, బయటికొచ్చాక వాళ్లతోనే మాట్లాడండి. "పోయిన సెమిస్టర్ సిలబస్ అయిపోయిందా? రెగ్యులర్ సార్లు ఎంతమంది? మీ తర్వాతి బ్యాచ్‌లో ఎంతమంది చేరిన్రు?" ఈ మూడింటికి వాళ్లు చెప్పే జవాబు ఏ బ్రోచర్‌లోనూ దొరకదు.

ఆఫీసు కాగితం కావాలనుకుంటే సమాచార హక్కు చట్టం ఉంది. గడిచిన మూడేళ్లలో ఆ కోర్సులో మంజూరైన సీట్లు, చేరినవారు, చివరి సెమిస్టర్ రాసినవారు, రెగ్యులర్ అధ్యాపకుల సంఖ్య అడుగుతూ పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టవచ్చు. జవాబుకు 30 రోజుల దాకా పట్టొచ్చు కాబట్టి పరీక్ష రాసిన వారంలోనే పంపాలి. నలుగురు స్నేహితులు కలిసి తలా ఒక కోర్సు పంచుకుంటే ఇంకా మేలు.

మూడేళ్ల సంఖ్యలు పక్కపక్కన పెట్టి చూడండి. ఒక్క ఏడాది తగ్గితే భయపడక్కర్లేదు. డిగ్రీ ఫలితాలు ఆలస్యమైనా, కౌన్సెలింగ్ వెనక్కిపోయినా అలా జరుగుతుంది. మూడేళ్లూ వరుసగా జారుతూ, రెగ్యులర్ అధ్యాపకులు ఒక్కరూ లేకపోతే ఆ కోర్సును మొదటి ఆప్షన్‌గా పెట్టకండి. ఆ సబ్జెక్టే ప్రాణమైతే అదే కోర్సు ఉన్న పెద్ద క్యాంపస్‌ను పైన పెట్టి, దీన్ని కింద పెట్టుకోండి.

ఆడపిల్లల విషయం విడిగా చెప్పాలి. పాలమూరు యూనివర్సిటీకి వనపర్తి, గద్వాల, కొల్లాపూర్‌లలో పీజీ సెంటర్లున్నాయి. అలంపూర్ వైపు ఊళ్లలో చాలామంది తండ్రుల మాట ఒకటే ఉంటుంది: "పొద్దుగాల పోయి మాపటికి ఇంటికొచ్చేటట్టుంటెనే పంపుత." ఆ పిల్లకు గద్వాల సెంటరే యూనివర్సిటీ. కోర్సును మహబూబ్‌నగర్‌కు మారిస్తే దూరం పెరగడంతో ఆగదు, ఇంట్లో చదువు మాన్పించే మాట మొదలవుతుంది. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీలో టికెట్ ఖర్చు లేకపోవడం కొంత ఊరటే గానీ, రోజూ అన్ని గంటలు బస్సులో కూర్చుని చదవలేరు. కాబట్టి చిన్న సెంటర్‌లో చేరేవాళ్లు రెండు సంగతులు ముందే అడగాలి. ఒకటి, కోర్సును తరలిస్తే మెయిన్ క్యాంపస్ హాస్టల్‌లో మాకు సీటు ఇస్తారా? రెండు, ఇప్పటికే చేరిన బ్యాచ్‌ను ఇక్కడే పూర్తి చేయనిస్తారా? హాస్టల్ మాట తల్లిదండ్రులతోనూ చేరకముందే మాట్లాడుకోండి. తరలింపు వార్త వచ్చిన రోజున ఆ మాట ఎత్తితే జవాబు ‘వద్దు’ అనే వస్తుంది.

ఫీజు సంగతిలో పొరపాట్లు ఎక్కువ. సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సు అయితే ప్రభుత్వ స్కాలర్‌షిప్ పోర్టల్ ఈ-పాస్ ద్వారా ఎంత వస్తుంది, చేతి నుంచి ఎంత కట్టాలి అన్నది స్కాలర్‌షిప్ సెక్షన్‌లోనే అడగండి, బయటివాళ్ల మాట నమ్మొద్దు. కౌన్సెలింగ్ అయ్యాక మిగిలిన సీట్లకు ఇచ్చే స్పాట్ అడ్మిషన్‌లో చేరితే ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించదని నోటిఫికేషన్‌లోనే ఉంటుంది, అది చదవకుండా చేరకండి. చేరాక కోర్సు నడవదని తెలిస్తే త్వరగా కదలాలి. యూజీసీ 2018 నోటిఫికేషన్ ప్రకారం అడ్మిషన్ల చివరి తేదీకి 15 రోజులు, అంతకన్నా ముందు సీటు వదులుకుంటే మొత్తం ఫీజు వెనక్కివ్వాలి. ప్రాసెసింగ్ కింద కొద్ది మొత్తం పట్టుకోవచ్చు. ఆ తర్వాత వచ్చేది 90, 80, 50 శాతంగా తగ్గుతూ పోయి, చివరి తేదీ దాటి నెల గడిస్తే ఏమీ రాదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ దగ్గర ఉంచుకోకూడదని కూడా అందులోనే ఉంది. చూసి, సరిపోల్చి తిరిగివ్వాలి. టీసీ మాత్రం ఇవ్వాల్సిందే, దాని జిరాక్సులు నాలుగు ముందే తీసి పెట్టుకోండి.

అమెరికాకు పోయేవాళ్లకు

మిర్యాలగూడ, సూర్యాపేట, నల్లగొండ నుంచి ఎంఎస్‌కు, పీహెచ్‌డీకి వెళ్లేవాళ్లు చాలామందే ఉన్నారు. అక్కడ కోత పడే తీరు వేరు. మాస్టర్స్ విద్యార్థి సొంత డబ్బు కడతాడు. పీహెచ్‌డీ విద్యార్థికి చాలాచోట్ల యూనివర్సిటీయే ఫీజు మాఫీ చేసి స్టైపెండ్ ఇస్తుంది. అందుకని డబ్బుకు కటకట వస్తే ముందు ఆగేవి పీహెచ్‌డీ సీట్లు. 2024 నవంబర్‌లో బోస్టన్ యూనివర్సిటీ ఇంగ్లీష్, హిస్టరీ, ఫిలాసఫీ, సోషియాలజీ వంటి పన్నెండు విభాగాల్లో మరుసటి ఏడాదికి పీహెచ్‌డీ అడ్మిషన్లు ఆపేసింది. సైన్స్ వైపు పీహెచ్‌డీలు చాలావరకు ప్రభుత్వ గ్రాంట్ల మీద ఆధారపడతాయి. 2025 ఫిబ్రవరిలో అక్కడి ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్ తన గ్రాంట్లలో పరోక్ష ఖర్చులకు (భవనాలు, ఆఫీసు నిర్వహణ వంటివి) 15 శాతమే ఇస్తామని ప్రకటించాక కొన్నిచోట్ల ఇచ్చిన అడ్మిషన్ ఆఫర్లను కూడా వెనక్కి తీసుకున్నారు.

ప్రభుత్వ యూనివర్సిటీ కదా అని నిశ్చింతగా ఉండటానికి లేదు. వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీ 4.5 కోట్ల డాలర్ల లోటు చూపి 2023 సెప్టెంబర్‌లో 28 ప్రోగ్రాములు, 143 అధ్యాపక పోస్టులు తీసేసింది. పోయినవాటిలో గణితంలో ఎంఎస్, పీహెచ్‌డీ కూడా ఉన్నాయి. అడ్మిషన్ వచ్చాక ప్రోగ్రామ్ డైరెక్టర్‌కు మెయిల్ పెట్టి ఈ ఏడాది ఎంతమందిని తీసుకుంటున్నారు, నా ఫండింగ్ ఎన్నేళ్లకు, ఏ ఖాతా నుంచి, ప్రోగ్రామ్ ఆపితే చేరినవారిని పూర్తిచేయించే ప్రణాళిక ఉందా అని అడగండి. అక్కడి గుర్తింపు సంస్థలు అలాంటి ప్రణాళిక ఉండాలంటాయి కాబట్టి ఆ ప్రశ్న వాళ్లకు వింతగా తోచదు. జవాబు మెయిల్‌లో వచ్చాకే ఇంట్లో భూమి తాకట్టు, బ్యాంకు లోను మాట ఎత్తండి.

ఇప్పటికే చేరి ఉన్నవాళ్లు

మొదటి ఏడాది అడ్మిషన్లు ఆగితే రెండో ఏడాది మీద దెబ్బ వెంటనే పడుతుంది. వర్క్‌లోడ్ సగమవుతుంది, పార్ట్‌టైమ్ సార్లను ఆపేస్తారు, మీ పేపర్లే అనాథలవుతాయి. వార్త తెలిసిన రోజే క్లాసంతా కలిసి విభాగాధిపతి (హెచ్‌ఓడీ) ద్వారా ప్రిన్సిపాల్‌కు, రిజిస్ట్రార్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. "కోర్సు ఆపొద్దు" అని ఒక్కమాట రాసి వదిలేయకుండా స్పష్టంగా అడగండి: చివరి బ్యాచ్‌లో ప్రతి పేపర్‌కు అధ్యాపకుడి పేరుతో టైమ్‌టేబుల్, ప్రాజెక్టుకు గైడ్, లైబ్రరీ, ల్యాబ్ మునుపటిలాగే తెరిచి ఉంచడం, బ్యాక్‌లాగ్‌లకు ఎన్నేళ్లపాటు ఏ సిలబస్‌తో పరీక్ష పెడతారో తేదీలతో సర్క్యులర్. ఇన్‌వార్డు ముద్ర, నంబరు వేయించుకున్న కాపీ మీ దగ్గర ఉంచుకోండి. నిర్ణయం అకడమిక్ సెనేట్ స్టాండింగ్ కమిటీ, ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్‌ల ముందుకు వెళ్తుంది కాబట్టి ఆ సమావేశానికి ముందే మీ కాగితం చేరాలి. సమావేశం ఎప్పుడో విభాగంలో తెలుస్తుంది, అడగడానికి మొహమాటపడకండి.

బ్యాక్‌లాగ్‌లున్నవాళ్లు మొదట వచ్చిన సప్లిమెంటరీలోనే రాసేయండి. కోర్సు ఆగాక పేపర్ సెట్ చేసేవాళ్లే కరువవుతారు. పాసైన పేపర్ల క్రెడిట్లను ఆన్‌లైన్‌లో దాచే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో ఐడీ తెరిచి, మీవి అందులో పడ్డాయో లేదో ఎగ్జామ్ బ్రాంచ్‌లో సరిచూసుకోండి. రేపు వేరే యూనివర్సిటీకి మారాల్సి వస్తే అక్కడ ముందుగా అడిగేది వాటినే.